కల్లు ముంత పట్టి కెప్టెన్ ఇచ్చిన మాట

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ సంగతి మొదటే చెప్పేస్తే నయం. లేకపోతే మా పర్సనెల్ మేనేజరు గారి గురించి నేను రాయబోయేవి చదివి, అంత మంచాయనను పట్టుకుని ఇలా ఆడిపోసుకుంటాడేమిటని మీరు నన్ను తిట్టుకుంటారు. ఆయన మంచివాడే. మంచివాళ్ల మీద కూడా కోపం వస్తుంది, ఏం చేస్తాం.

తొంభైల మధ్యలో మాట. జిన్నారం వెళ్లే రోడ్డు మీద మా ఫ్యాక్టరీ ఉండేది. లారీలకూ ట్రాక్టర్లకూ కావలసిన ఇనుప భాగాలు చేసేవాళ్లం. ఆ ఫ్యాక్టరీ నిలబడ్డ నేలలో కొంత మాది. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం అన్నారు గనక, ఐటీఐ చదివిన నాకు మెయింటెనెన్సులో ఫిట్టరు పని దొరికింది. భూమి ఇచ్చేటప్పుడు మా ఊరివాళ్లు ఇంకొక్కటి అడిగారు. ఆ పొలాల నడుమ మా పోచమ్మ గుడి ఉంది. గుడి అంటే గోపురం గీపురం ఊహించుకోకండి. నలుగురు కూర్చుంటే నిండిపోయే రాతి గది, దాని పక్కన ఒక వేపచెట్టు. చుట్టూ గోడ కట్టుకుంటే కట్టుకోండి గానీ, ఏడాదికోసారి బోనాల నాడు మా ఆడవాళ్లకు గేటు తీయండి అన్నారు. అప్పటి పెద్దలు సరేనన్నారు. అంతా నోటిమాటే. కొన్నేళ్లు తీశారు కూడా.

తరువాత గుడికి దగ్గరలో, మేం చేసిన భాగాలకు రంగులు వేసే పెయింట్ షాపు వచ్చింది. మిలిటరీలో రిటైరైన సెక్యూరిటీ ఆఫీసరు కూడా వచ్చాడు. ఆ ఏడు మా అమ్మ నెత్తిన బోనం, బోనం మీద వెలుగుతున్న దీపం, ఆ పక్కనే నిప్పు తగిలితే భగ్గుమనే థిన్నర్ డబ్బాలు చూసి ఆయన గుండె ఆగినంత పనయింది. మరుసటి ఏడు నుంచి గేటు తీయవద్దని రాసిచ్చాడు, మేనేజరు సంతకం పెట్టాడు. పెయింట్ షాపు పంపులు బాగుచేసేవాణ్ని గనక ఆ భయం ఉత్తది కాదని నాకూ తెలుసు. కానీ ఆ మాట ఊళ్లో అనే ధైర్యం నాకు లేదు. ఇంట్లో అమ్మ ముందు అసలే లేదు.

ఊళ్లో మొదటి బోనం మా ఇంటిది. నాయనమ్మ తరువాత అది అమ్మ నెత్తికెక్కింది. గేటు మూశాక రెండేళ్లు బోనం ఆమె కాంపౌండు గోడ దగ్గరే దించింది. సిమెంటుకు బొట్టు పెట్టి, ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా పడుకునేది. "గోడకు మొక్కినట్టున్నది బిడ్డా, తల్లికి మొక్కినట్టు లేదు" అనేది. ఆ మాట వింటే నాకు అన్నం సయించేది కాదు.

నాయిన సంగతి వేరు. గోడ లేచిన నాటి నుంచి ఆయన లోపల అడుగు పెట్టలేదు. గేటు తీసిన ఏళ్లలో కూడా ఆడవాళ్లను గేటు దాకా తెచ్చి దింపి, బయట బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. "నా పొలంలకు నేను అడిగి పోవుడేందిరా?" అనేవాడు. కానీ గేటు మూశాక ఊళ్లో అందరికంటే ఎక్కువ రంకెలు వేసింది ఆయనే. వెళ్లి మేనేజరును అడగమని నా ప్రాణం తీసేవాడు. నేను అడిగాను. "సేఫ్టీ అయ్యా, సేఫ్టీ! నువ్వు చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పాలా?" అన్నాడు మేనేజరు. చదువుకున్నవాడివి అనే మాటతో మన నోరు ఎంత సులువుగా మూయవచ్చో అప్పుడు తెలిసింది.

ఇలా ఉండగా ఫ్యాక్టరీకి స్పెయిన్ నుంచి ఇనుమును నొక్కి ఆకారం తెచ్చే ఒక పెద్ద ప్రెస్సు దిగింది. దాన్ని నిలబెట్టడానికి దాని వెంట ఒక ఇంజినీరు కూడా దిగాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఎర్రటి ముక్కు, నెత్తిన అట్టులాంటి నల్లటి టోపీ. వచ్చిన రోజే కాజీపల్లి వైపు నుంచి గాలి తిరిగింది. ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇదేం వాసన అని అడిగాడు. "మందులు సార్. ప్రపంచమంతటికీ ఇక్కడి నుంచే వెళ్తాయి" అని మా మేనేజరు గర్వంగా చెప్పాడు. పాపం ఆ ఇంజినీరు ఇక్కడున్నన్నాళ్లూ తలనొప్పి వచ్చినా మాత్ర వేసుకోలేదు.

మా మేనేజరుది కోస్తా. నాటకాల పిచ్చి. చిన్నప్పుడు పరిషత్తు పోటీల్లో వేషాలు కట్టాడట, ఉద్యోగం అడ్డం రాకపోతే ఎక్కడో ఉండేవాడట. ఏటా ఆయుధపూజకు నేను రాసే చిన్న చిన్న నాటికల్లో ముఖ్యపాత్ర ఆయనదే. ఒకరోజు నన్ను క్యాబిన్‌కు పిలిపించాడు.

"ఏమయ్యా రచయితా, ప్రెస్సు ప్రారంభోత్సవానికి ఎండీగారు వస్తున్నారు. ఆ స్పెయిన్ ఆయన ముందు వాళ్ల దేశపు మహానుభావుడి మీద నాటకం వేస్తే ఎలా ఉంటుందంటావ్?"

"ఏ మహానుభావుడు సార్?"

"అదీ నేనే చెప్పాలా? రచయితవి నువ్వా, నేనా?"

ఒళ్లు మండింది గానీ ఇంజినీరు దగ్గరికే వెళ్లి అడిగాను. నా ఇంగ్లీషు, ఆయన ఇంగ్లీషు రెండూ కుంటివే, అందుకే మాకు బాగా కుదిరింది. ఆయన కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పాడు. తమ పక్క ఊరివాడట. సముద్రాలు దాటి వెళ్లి ఫిలిప్పీన్స్ దీవులకు గవర్నరు అయ్యాడట. ఊళ్లో విగ్రహం కూడా ఉందట. "మా వైపు ముసలమ్మలు ఆయన గురించి చెప్పేది ఒక్కటే. వెళ్లాడు, తిరిగి రాలేదు" అన్నాడు.

సంగారెడ్డి గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని దానితో కుస్తీ పట్టాను. ఎవరో మహావీరుడు, ఓడ కొయ్య మీద కత్తి దూసి నిలబడ్డవాడు దొరుకుతాడనుకున్నాను. తీరా చూస్తే ఆయన కచేరీ ఉద్యోగి!

నాలుగు వందల ఏళ్ల పైచిలుకు కిందట బాస్క్ అనే కొండ ప్రాంతంలో, పరువైన ఇంట్లో పుట్టాడు. చిన్నకొడుకు గనక ఇంటి ఆస్తి తన దాకా రాదని తెలుసు. కాస్త చదువు, కాస్త కాగితాల పని నేర్చుకుని మెక్సికో చేరాడు. అప్పుడది స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉంది. అక్కడ నగర కచేరీలో ఉద్యోగం, పెళ్లి, తొమ్మిదిమంది పిల్లలు, సొంత ఇల్లు. భార్య పోయింది. మనవలు పుట్టారు. మన లెక్కలో ఇక పెన్షను గురించి ఆలోచిస్తూ, పొద్దున్నే పేపరు చదువుకునే వయసు. సరిగ్గా అప్పుడు పై నుంచి ఆర్డరు వచ్చింది. ఓడలు తీసుకుని పసిఫిక్ సముద్రం దాటిపో, అవతలి దీవుల్లో మన జెండా పాతు అని.

ఆయన అంతకుముందు ఏ ఓడకూ కెప్టెన్‌గా పనిచేసినవాడు కాడు. సముద్రం తెలిసినవాడు ఒక సన్యాసి, ఒకప్పటి నావికుడు, ఈయనకు బంధువు. ఈయన పేరు పైవాళ్ల చెవిన వేసింది కూడా ఆ బంధువేనట. బంధువులు మనకు చేసే మేలు ఏ దేశంలోనైనా ఒకటే అనుకున్నాను. ఖర్చులకు చాలక ఈయన సొంత ఆస్తి అమ్మి పెట్టాడు. అన్నిటికంటే పెద్ద తమాషా ఏమిటంటే, ఎక్కడికి వెళ్లాలో కూడా ఆయనకు సరిగ్గా చెప్పలేదు. సీలు వేసిన ఆర్డరు చేతిలో పెట్టి, నడిసముద్రంలోకి వెళ్లాక విప్పుకో అన్నారు.

వెళ్లాడు. దీవుల్లో తిండి దొరకదు, జనం నమ్మరు. అంతకుముందు వేరే తెల్లవాళ్లు వచ్చి దోచుకుపోయి ఉన్నారు మరి. చివరికి ఒక దీవి పెద్దతో స్నేహం కుదిరింది. ఇద్దరూ గుండె దగ్గర చిన్న గాటు పెట్టుకుని, ఆ నెత్తురు వైన్‌లో కలిపి తాగి, అన్నదమ్ములం అనుకున్నారు. ఆ స్నేహంతో కొంత, కత్తితో చాలా, ఆయన ఆ దీవులను రాజు కిందికి తెచ్చాడు. పెద్ద అఖాతం ఒడ్డున రాజధాని పెట్టాడు. గవర్నరుగిరీ చేశాడు. ఒకరోజు ఎవరినో గట్టిగా కోప్పడి, అంతలోనే కుప్పకూలి ప్రాణం విడిచాడు. చేతిలో మిగిలిందేమీ లేదట. మెక్సికోకూ తిరిగి వెళ్లలేదు, తన కొండలకూ వెళ్లలేదు. కోప్పడి చనిపోయాడు అన్నచోట నేను పుస్తకం మూసి, బయటికి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చాను.

ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టి నేను రాసిన నాటకం చదివి మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అరే, ఇది నా కథయ్యా!" అన్నాడు. ఆయన రిటైర్మెంటుకు ఎంతో దూరం లేదు. బీహారు బ్రాంచికి పంపుతారని ఆ రోజుల్లో ఒక పుకారు ఉండేది. ఆ భయంతోనే కెప్టెన్ ఆయనకు పూనాడు. పూనినవాడు ఊరుకోకుండా పద్యాలు కావాలన్నాడు. ఓడ ఎక్కేటప్పుడు ఒకటి, తుఫానులో ఒకటి, చచ్చిపోయేటప్పుడు రాగంతో ఒకటి.

"కెప్టెన్ పద్యాలు పాడాడని ఎక్కడా లేదు సార్."

"పాడలేదని మాత్రం ఉందా?"

గేటు బయటి మైదానంలో రిహార్సళ్లు మొదలయ్యాయి. తుఫాను పద్యం చివర ఆయన రాగం తీస్తే గోడల మీద కూర్చుని చూస్తున్న మా ఊరి పోరగాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. అందుకు ఆయనకు బాధ. "మీ వాళ్లకు వన్స్‌మోర్ కొట్టడం కూడా రాదేమయ్యా! మా వైపు అయితే ఈ రాగానికి ఈలలు వేసి, నాలుగుసార్లు పాడించేవాళ్లు" అని, పని మానుకుని వాళ్లకు వన్స్‌మోర్ ఎప్పుడు అరవాలో, ఎలా అరవాలో నేర్పాడు. వాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు. మా ఊరి పోరగాళ్లు అంత శ్రద్ధగా ఏదైనా నేర్చుకోవడం నేను చూడలేదు.

దీవి పెద్ద వేషానికి టైపిస్టును పెట్టుకున్నాం. ప్రారంభోత్సవం దగ్గరపడగానే అతనికి కామెర్లు వచ్చాయి. మేనేజరు తలపట్టుకు కూర్చుని, ఉన్నట్టుండి లేచాడు.

"మీ నాన్నగారికి ఆ మీసం ఉంది చూశావూ? మేకప్పే అక్కర్లేదు. తీసుకురా."

ఇంట్లో చెబితే నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను రాను పో. వాళ్ల నాటకంల నేను కోతి లెక్క ఎగురాల్నా?"

అమ్మ బియ్యం చెరుగుతూ కథ అడిగింది. చెప్పాను. నెత్తురు కలుపుకుని తాగే చోటికి రాగానే చేట ఆపింది.

"గప్పుడు గా తెల్లాయన మాటిస్తడా?"

"ఇస్తడమ్మా. నీ ఊరిని, నీ జనాన్ని మంచిగ చూసుకుంట అంటడు."

"వైన్ అంటే ఏంది?"

"ద్రాక్ష సారా. మనకాడ యాడ దొరుకుతది? నేను కల్లు అని రాసిన."

"గా తెల్లాయన ఏషం ఎవరేస్తుండ్రు?"

"మా మేనేజరే."

అమ్మ నాయిన వైపు చూసింది. "నువ్వు పో" అంది. మళ్లీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. నాయిన కాసేపు మీసం మెలేసి, "నాటకం గోడ అవతల్నా, ఇవతల్నా?" అని అడిగాడు. ఇవతలే, గేటు ముందర మైదానంలో షామియానా అన్నాను. "అయితే సరే" అన్నాడు. అమ్మ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోకుండా ఉండటమే నా ఉద్యోగానికి మంచిదనిపించింది.

నాయిన రిహార్సల్స్‌లో బుద్ధిమంతుడిలా రాసింది రాసినట్టు చెప్పాడు. ఒక్క విషయంలోనే పేచీ. ముంతలో మజ్జిగ పోద్దామని మేనేజరు అన్నాడు. ఎండీగారి ముందు కల్లేమిటని ఆయన బాధ. "మజ్జిగతోని సాక పోస్తరా సారూ? ఎక్కడన్న ఇన్నవా?" అని నాయిన నవ్వాడు. సాక అంటే మా వైపు తాగే ముందు దేవతకు, పోయిన పెద్దలకు నాలుగు చుక్కలు నేల మీద పోయడం. సాక పోసి ఇచ్చిన మాటకు ఇక తిరుగు లేదు. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు మా ఊళ్లో అలాగే తెగేవి. మేనేజరుకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా నాటకంలో వస్తువులన్నీ దొంగవి ఉంటాయని. "సరే, ఏదో ఒకటి తెల్లగా ఉంటే చాలు" అన్నాడు.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం ఊరంతా వచ్చింది. ముందు వరసలో సోఫా, అందులో ఎండీ, పక్కన ఇంజినీరు. స్టేజీ చుట్టూ మేనేజరు కాగితపు స్పెయిన్ జెండాలు కట్టించాడు. ఇంజినీరు వాటిని చూసి ముఖం మాడ్చుకున్నాడు. వేషం వేసుకున్న నాయినను పలకరించడానికి వచ్చి, జెండా వైపు వేలు చూపి, తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు.

"ఏమంటుండు?" అన్నాడు నాయిన.

"ఆయనది స్పెయిన్ కాదట. బాస్క్ అట. భాష వేరట, వాళ్ల తీరే వేరట. అందరూ కలిపి ఒక్కటే అంటే ఆయనకు మండుతదట."

నాయిన ముఖం వెలిగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఓర్నీ, మనలెక్కనే అన్నట్టు!" పక్కనే రెక్కల టోపీ సర్దుకుంటున్న మా కోస్తా మేనేజరు గట్టిగా దగ్గి, అద్దం వైపు తిరిగాడు.

నాటకం బాగానే నడిచింది. తుఫాను పద్యానికి పోరగాళ్లు నేర్చుకున్నదంతా చూపించారు. మేనేజరు అదే పద్యం మళ్లీ పాడాడు, మళ్లీ పాడాడు. ఎండీ గడియారం చూసుకున్నాడు. తరువాత దీవి. నాయిన గోచీ పంచె, నెమలి ఈకల కిరీటం, చేతిలో ముంత. అందులో క్యాంటీన్ బీట్‌రూట్ రసం నెత్తురుగా పడింది. ముంత నా ముక్కు ముందు నుంచి వెళ్లినప్పుడు పుల్లటి వాసన వేసింది. అది పొద్దున దించిన తాటికల్లు.

నేను రాసిన ప్రకారం ఇక్కడ దీవి పెద్ద, "తమ్ముడా, ఈ నేల నీది, ఈ నీరు నీది" అనాలి. నాయిన అనలేదు. ముంత ఎత్తి పట్టుకుని అలా నిలబడ్డాడు.

"కెప్టెనూ, నేల అడిగినవు, ఇచ్చిన. మళ్ల నా తల్లి పోచమ్మ నీ గోడ లోపట పడ్డది. మా ఆడోళ్లు బోనం ఎత్తుకొని వస్తే దారి ఇస్తవా, ఇయ్యవా? ఇది జెప్పినంకనే తాగుడు."

ఫిలిప్పీన్స్ దీవుల్లో పోచమ్మ ఎక్కడిది అని అడిగినవాడు ఆ షామియానా కింద ఒక్కడూ లేడు. జనం బిర్రబిగుసుకుపోయారు. వేరే ఎవరైనా అయితే తడబడేవాళ్లు, తెర దించమనేవాళ్లు. కానీ మా మేనేజరు నటుడు. ఎదుటివాడు కొత్త డైలాగు అందిస్తే వదులుకునే రకం కాదు. ఛాతీ విరుచుకుని, కత్తి మీద చెయ్యి వేసి, గొంతు పైకెత్తాడు.

"ఓ ద్వీపరాజా! సూర్యచంద్రులు సాక్షి! నీ తల్లి గుడికి దారి మూసేవాడు ఈ భూమి మీద పుట్టలేదు! ఆమె ద్వారం నా చేతులతో నేనే తెరుస్తాను!"

"వన్స్‌మోర్!" అని మైదానం దద్దరిల్లింది. ఈలలు. ఆయన చెవులకు అంతకంటే అమృతం ఉందా? మళ్లీ చెప్పాడు. ఈసారి సూర్యచంద్రులకు సముద్రాన్ని కూడా కలిపాడు. మళ్లీ వన్స్‌మోర్. ఈసారి ఆడవాళ్ల వైపు నుంచి, అందరికంటే పైన మా అమ్మ గొంతు. ఆమె జన్మలో పలికిన ఇంగ్లీషు మాట అదొక్కటే. ఆయన మూడోసారి చెప్పి, చివర రాగం కూడా తీశాడు.

అప్పుడు నాయిన ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ దింపాడు. మెట్లు దిగుతుంటే మేనేజరు గుసగుసగా, "ఎక్కడికయ్యా?" అన్నాడు. "చెక్క మీద పోస్తే సాక గాదు సారూ, మట్టి మీద పొయ్యాలె" అన్నాడు నాయిన. నేల మీద నాలుగు చుక్కలు పోయించి, తాను తాగి, ముంత అందించాడు. మేనేజరు మజ్జిగ అనుకుని గటగటా తాగేశాడు. సగంలో కళ్లు పెద్దవయ్యాయి. కానీ నటుడు గనక ఆపలేదు, మొత్తం తాగాడు. ఆ తరువాత కెప్టెన్ చనిపోయే పద్యం ఆయన జన్మలో పాడనంత బాగా పాడాడు. అందులో ముంత పాత్ర ఎంతో నేను చెప్పలేను.

తెల్లారి నుంచి ఊళ్లో ఇక గేటు సంగతి తేలిపోయినట్టే. ఒక్క నాయినకు మాత్రం గుబులు పట్టుకుంది. "మాటిచ్చినోడు ఆఖర్ల సచ్చిపోయిండు గదరా. మాట ఉన్నట్టా, పోయినట్టా?" అని నన్ను పరేషాన్ చేశాడు. ఆ కథ రాసిన పాపానికి నేనేం చెప్పను? మేనేజరు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. నేను కనబడితే, "పద్యం ఎలా ఉందంటావ్?" అని మాత్రం అడిగేవాడు.

వానలు పడ్డాయి, బోనాలు వచ్చాయి. ప్రెస్సు ఇంకా సరిగ్గా నడవక ఇంజినీరు ఇక్కడే చిక్కుకుపోయి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం డప్పులు గేటు ముందుకు వచ్చి ఆగాయి. ముందు మా అమ్మ, పసుపు రాసిన బోనం, మీద వేపరెమ్మలు, దీపం. వెనక ఊరి ఆడవాళ్లంతా. పక్కన నాయిన. లోపల సెక్యూరిటీ ఆఫీసరు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నేను డ్యూటీలో ఉన్నాను, లోపలి వైపు. ఎటు నిలబడాలో తెలియక గేటు ఊచలు పట్టుకున్నాను.

మేనేజరును పిలిచారు. ఆయన వచ్చి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, అది నాటకం. నేను కెప్టెన్‌ని కాదు. పైగా ఆ కెప్టెన్ చనిపోయాడు కూడా, మీ కళ్ల ముందే కదా!"

నాయిన తల దించుకున్నాడు. ఆయన భయపడ్డది సరిగ్గా అదే. అమ్మ మాత్రం బోనం కదలకుండా మెడ నిలిపి, నెమ్మదిగా అంది.

"కెప్టెన్ సచ్చిపోయిండు సారూ, నేను గూడ ఏడ్సిన. టోపి దొంగది. నెత్తురు దొంగది. కల్లు నిజంది, సాక పోసిన మట్టి నిజంది. తాగిన నోరు నీదే గదా."

సందడి విని ఇంజినీరు గ్రీజు చేతులతో వచ్చి, ఏమైందని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన టోపీ తీసి, మేనేజరు ముఖంలోకి చూసి, "మీరు మూడుసార్లు చెప్పారు. నాకు భాష రాకపోయినా లెక్క వచ్చు" అన్నాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. గబగబా లోపలికి వెళ్లిపోయాడు. అయిపోయింది అనుకున్నాను. నాకు కోపంతో కళ్లలో నీళ్లు వచ్చాయి. కాసేపటికి ఆయన తిరిగి వచ్చాడు. వెనక మంటలార్పే సిలిండర్లతో ఇద్దరు మనుషులు. ఆయన చేతిలో ఎర్ర ఇసుక బకెట్టు. "పెయింట్ షాపు మూయించాను. థిన్నర్ డబ్బాలు తీయించాను. దీపానికి అటొకడు, ఇటొకడు నడుస్తారు. నేను వెనక ఉంటాను" అని, సెక్యూరిటీ ఆఫీసరును పక్కకు జరిపి, గొళ్లెం తన చేతులతోనే తీశాడు. ఆ ఒక్క రోజు ఆయన మీద నాకు కోపం రాలేదు.

డప్పులు మోగాయి. బోనానికి రెండు వైపులా సిలిండర్లు, వెనక ఇసుక బకెట్టుతో పర్సనెల్ మేనేజరు. అలాంటి జాతర మా మండలంలో ఎవరూ చూసి ఉండరు. అమ్మ ఎటూ చూడకుండా షెడ్ల మధ్య నుంచి తిన్నగా నడిచిపోయింది. గేటు తీసిన ఏళ్లలో వచ్చిన దారే గనక ఆడవాళ్లకు అడుగులు తెలుసు. ఒకరి వెనక ఒకరు మలుపు తిరిగి వెళ్లిపోయారు. వాళ్లను చూస్తూ నేను నవ్వుతూనే ఉన్నాను.

వెనక్కి చూస్తే నాయిన గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయి ఉన్నాడు. గోడ లేచాక ఆయన లోపలికి రావడం అదే మొదలు. ఎదురుగా ప్రెస్ షాపు, ఇటు క్యాంటీను, అటు గోదాము, నడుమ తారురోడ్డు. డప్పుల చప్పుడు రేకుల గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ వస్తోంది. ఈ నేలలో కళ్లు మూసుకుని నాగలి తోలిన మనిషి తువ్వాలు చేతిలో నలుపుతూ ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. నా నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్తే చిన్నపిల్లవాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు.

"గుడి ఎటు దిక్కురా?" అన్నాడు.

పక్కకు వచ్చిన ఇంజినీరు, ఆయనకు ఒంట్లో బాగా లేదా అని అడిగాడు.

"బాగానే ఉంది. దారి అడుగుతున్నాడు."

"ఇది ఆయన పొలమే అన్నావు కదా?"

"అవును, ఆయనదే" అని, నాయిన చెయ్యి పట్టుకుని క్యాంటీను పక్క నుంచి నడిపించాను.